మత్తు వద్దన్న మాస్టారు

పన్ను తీయించుకోడానికొచ్చిన మూర్తి మాస్టారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. గుడివాడలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆయన దగ్గితే చాలు, క్లాసు నిశ్శబ్దమైపోయేది.

డాక్టర్ అభిరామ్ మాస్కు తీయకుండానే వివరించాడు.

"భయపడేవాళ్లకి మూడు పద్ధతులున్నాయండీ. ముక్కుకి గ్యాస్ పెడితే మెలకువగానే ఉంటారు, భయం తగ్గుతుంది. మాత్ర వేసుకుంటే మగతగా ఉంటుంది. నరానికి ఇంజక్షన్ చేస్తే ఇక్కడ జరిగిందేదీ పెద్దగా గుర్తుండదు."

"వీటిలో నొప్పి తెలిసేది ఏదండీ?"

"ఏదైనా సరే, చిగుళ్లకి మత్తిచ్చాకే పన్ను తీస్తాం. నొప్పి తెలియదు."

"అయితే ఆ మత్తు కూడా వద్దు. అలాగే తీసెయ్యండి."

అభిరామ్‌కి విసుగొచ్చింది. "భయంతో చెమటలు పట్టేస్తున్నాయి మీకు. మత్తు లేకుండా నేనెవరికీ తియ్యను. ఎందుకు వద్దంటున్నారు?"

మాస్టారు కళ్లు మూసుకున్నారు.

"మా వీధిలోనే ఇంకో పళ్ల డాక్టరున్నాడు. బోర్డు మీద నీ పేరు చూసే ఇక్కడికొచ్చాన్రా. ఆరో తరగతిలో నేను డస్టర్ విసిరిన రోజు, నీకెవరూ మత్తివ్వలేదు కదా."

మాస్కు వెనక అభిరామ్ నాలుక తన ముందుపన్నును తడిమింది. అది పెట్టుడు పన్ను.

మాస్టారు నోరు తెరిచి ఎదురుచూస్తున్నారు. మత్తు సిరంజి అందుకోబోయిన అభిరామ్ చెయ్యి ఆగిపోయింది. పొద్దున కేస్ షీట్‌లో మాస్టారి పేరు చూడగానే, మత్తివ్వకుండా పీకెయ్యాలని ముందు అనిపించింది తనకే.