ఎర్రనీళ్ల అర్జీ

“ఇంటిపేరు గూడా రాయన్నా. మా ఊర్లో ముగ్గురు శేషయ్యలుండారు. నేను కాదని తప్పించుకుంటాడు,” అంది సుష్మ.

కలెక్టరాఫీసు గేటు బయట గొడుగు కింద కూర్చుని అర్జీలు రాసే కుళ్లాయప్ప పెన్ను ఆపి తలెత్తాడు. గుమ్మఘట్ట వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి. ఒళ్లో రెండున్నరేళ్ల చాందిని, ఒంటినిండా పుండ్లు. సంచిలో సీసాడు ఎర్రనీళ్లు, తుప్పురంగుకు తిరిగిన తెల్లగౌను.

“గని శేషయ్య మీదనా? బాగా ఆలోచన చేసుకోమ్మా. నీకంటే ముందు ముగ్గురు రాయించినారు. ఆయప్ప ఇంటికి పిలిపించి, కాఫీ ఇచ్చి మాట్లాడినాడు. ముగ్గురూ చించేసుకున్నారు.”

“నన్ను పిలవడులే.”

గని మూతబడి మూడేళ్లు. యజమాని శేషయ్య నీళ్లు తోడే మోటార్లు పీక్కుపోయాక గుంతలు నిండాయి. రాళ్లలో ఊరిన పుల్లటి నీళ్లు కింది కాలనీ బోర్లలోకి దిగాయి. ఆ గనిలో డ్రిల్లు కొట్టిన ప్రతాప్‌ను చేసుకుని సుష్మ కాపురానికి వచ్చింది ఆ కాలనీకే. ఈ నీళ్లే తాగితే పాప కిడ్నీలు దక్కవని డాక్టరు నిన్న చెప్పాడు.

“ఆయప్ప తాగడా ఆ నీళ్లు?” అన్నాడు కుళ్లాయప్ప.

“యాడ! ఆ ఇంట్లో పప్పు ఉడికేది గూడా రాయదుర్గం టిన్ను నీళ్లతోనే.”

“నీకెట్ల తెలుసు?”

“పెండ్లయ్యేదాకా ఆడ అంట్లు తోమింది నేనే కదా.”

కుళ్లాయప్ప పాపను చూసి నాలుక చప్పరించాడు. “ఆయప్పకు ఇంత మనవరాలుండింటే తెలిసొచ్చేది.”

“ఉండాదంట. ఒక్కసారి గూడా చూసింది లేదంట.” సుష్మ పళ్లు కొరికింది. “గట్టిగా రాయన్నా. ఆయన జైలు కూడు తినాల. ఆడ గూడా మా బోరు నీళ్లే పోయాల.”

“అబ్బ, ఏం పగమ్మా నీది! తిట్టినాడా, కొట్టినాడా?”

“బయటికి నెట్టినాడు.”

కుళ్లాయప్ప మళ్లీ పెన్ను పట్టాడు. రెండు పేజీలు రాసి ఆమె ముందు పెట్టాడు.

“పైన ఒక గడి మిగిలిపోయినాది. నింపకపోతే లోపల తీసుకోరు. చెప్పు, రాస్తా.”

“ఇట్లియ్యి. తొమ్మిదిలో మాన్పించినారు గానీ, ఆమాత్రం రాస్తా.”

పెన్ను అందుకుంది. గడి మీద పెట్టి ఆపింది. ఒళ్లో చాందిని నిద్రలోనే పుండు గోక్కుని మూలిగింది. పాపను ఎడమచేత్తో దగ్గరికి లాక్కుంది.

తండ్రి పేరు అన్నచోట, ఇంటిపేరుతో సహా, మళ్లీ అదే పేరు రాసింది.