ముత్యాలు తెచ్చుకున్న కూలి

వాగుకు అటొకటి ఇటొకటి జంతువుల పేటలు రెండు. పైపేటలో రోజు కూలి రెండు మోపుల గడ్డి, కిందిపేటలో ఒక్కటే. అందుకే కిందిపేట గాడిద ముత్యాలు రోజూ మోకాలి లోతు నీళ్లు దాటి, పైపేటలో బరువులు మోయడానికి పోయేది.

ఒక సాయంత్రం తిరిగొస్తుంటే పేటపెద్ద దున్నపోతు తన దొడ్డి ముందు ఆపింది. "సొంత పేటను పాడుబెట్టి వాళ్లకు చాకిరీ చేస్తావటే?"

"ఇక్కడా రెండు మోపులివ్వు మామా, మళ్లీ వాగు దాటితే ఒట్టు."

"ఇవ్వడానికి మన దగ్గర గడ్డేదీ?"

ముత్యాలు వీపు మీది మోపులు దించింది. "ఇదిగో, పొద్దున నువ్వు పైపేటకు పంపిన మన బీడు గడ్డే. మోసుకెళ్లిందీ నేనే, అందులోంచి కూలి తెచ్చుకున్నదీ నేనే."

దున్నపోతు ఆ గడ్డికి బదులుగా పైపేటవాళ్లు తనకు పంపిన ఉప్పురాయిని నాకుతూ నిలబడింది.