పుచ్చుదుంగలో కాపురం

కొండకూర కోయడానికి వెళ్లిన మాల్సున్‌కు ఎవరో కొత్త మనిషి కనిపించాడు.

డెబ్బై ఏళ్లుంటాయి. పుచ్చిన ఓక్ దుంగ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“ఏం వెతుకుతున్నారయ్యా?”

“బొద్దింకల్నమ్మా.”

“దానికి కొండెక్కాలా? మా వంటింటికి రాకపోయారా, బోలెడు!”

ఆయన నవ్వి, దుంగ చీలిక చూపించాడు. రెండు నల్లటి పురుగులు, వాటి మధ్య తెల్లటి పిల్లలు.

“ఇవి కవచపు బొద్దింకలు. పుచ్చుకర్రే తిండి, అదే ఇల్లు. తల్లీ తండ్రీ కలిసి మూడేళ్లు పిల్లల్ని సాకుతాయి. ఇక మళ్లీ కాన్పుండదు.”

“దుంగ తీసేస్తే?”

“రెక్కల్లేవుగా. ఎక్కడికి పోతాయి? ఇంటిల్లిపాదీ చస్తాయి.”

చీలిక మూసి, పైన నాచు కప్పాడు.

“అమ్మా, ఈ కొండంటే మీ ఊరివాళ్లకి ఇష్టమేనా?”

“తాగే నీళ్లే దీన్నించి వస్తుంటే!” అనేసి మాల్సున్ నాలుక కరుచుకుంది. గోల్ఫ్ మైదానం కోసం కంపెనీవాళ్లు కొండ కొంటారని ఊళ్లో ఒకటే గుసగుసలు.

కూర బుట్ట అక్కడే వదిలేసి ఊరిపెద్ద దోక్‌బే దగ్గరికి పరిగెత్తింది.

దోక్‌బే నలుగురితో వచ్చాడు.

“కంపెనీ మనిషివేనా?”

“కాదు బాబూ.”

“మరి కూపీలెందుకు తీస్తున్నావు?”

“కూర్చోండి, చెబుతాను...”

“కూర్చోడాల్లేవు. కింద రోడ్డు మీదికి బస్సు వస్తోంది, పోయి ఎక్కు!”

“బొద్దింకలట! ఎవరి చెవిలో పెడతాడీ పువ్వులు?” అంది మాల్సున్.

ఆయన ప్యాంటుకంటిన మట్టి దులుపుకున్నాడు. ఆమెకు తలవంచి దండం పెట్టి బస్సెక్కాడు.

మరుసటి వసంతంలో యంత్రాలొచ్చాయి.

పచ్చని చెట్లు లారీలెక్కాయి. పుచ్చుదుంగలన్నీ మరలో పడి పొట్టయ్యాయి. ఊట బురదగా మారింది.

ఊరంతా దారికి అడ్డంగా కూర్చుంది. మేస్త్రీకి జాలేసింది.

“నన్నంటే ఏం లాభం? కొండ సొంతదార్లే అమ్ముకున్నారు.”

సొంతదారు సియోల్‌లో ఉంటాడని విన్నవాళ్లే గానీ, ఊళ్లో ఎవరూ చూడలేదు.

“ఇన్నాళ్లూ అమ్మనివాడు ఇప్పుడెందుకు అమ్మాడు?” అన్నాడు దోక్‌బే.

“అమ్మింది కొడుకులు. ముసలాయన ప్రాణం పోయినా అమ్మనన్నాడు. మొన్న చలికాలంలో పోయాడు.”

“మాతో ఒక్క మాటైనా అనలేదే!” అంది మాల్సున్.

“అదేంటమ్మా? బొద్దింకల పిచ్చాయన. కొండని మీ ఊరికే రాసిచ్చేస్తానని, మీతో మాట్లాడ్డానికే నిరుడు వచ్చాడుగా!”