దగ్గుమందు మీద పరిశోధన

“రోగులందర్నీ కలిపినా ఒక బస్సు నిండదు మేడమ్. ఆ కాసిమందికి దగ్గు తగ్గిందని మందు గొప్పదంటే ఎలా?” అన్నాడు క్లాసు లీడరు, కాలరు సర్దుకుంటూ.

ఫిజీషియన్ అసిస్టెంట్ చదువులో వాళ్ళది చివరి ఏడాది. రేపు డాక్టరు పక్కన నిలబడి రోగులకి మందులు చెప్పేవాళ్ళు గాలికబుర్లు నమ్మకూడదని, పరిశోధనలు వెతికి, చదివి, నిజమెంతో తేల్చడం నేర్పుతోంది మేడమ్. నిన్న బోర్డు మీద ఒక పరిశోధన పేరూ, అది అచ్చయిన పత్రిక పేరూ రాసి, తప్పొప్పులు తేల్చుకు రమ్మంది. నెగ్గినవాళ్ళకి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో శిక్షణ. ఉన్నది ఒకటే సీటు. దానికోసం లీడరు ఎప్పట్నుంచో లొట్టలేస్తున్నాడు.

“మొత్తం చదివావా?” అందావిడ.

“అక్షరం వదల్లేదు మేడమ్.”

మేడమ్ తలాడించింది. సీటు తనదేననుకున్నాడు లీడరు.

తర్వాత లేచిన బక్కోడు, రోగులు వందల్లో ఉన్నా అది మందుల కంపెనీ చేయించిన పని కాబట్టి తను నమ్మనన్నాడు. వందలట! వీడికి కోతలు కొయ్యడం కూడా చేతకాదని లీడరు లోపల్లోపల నవ్వుకున్నాడు. మేడమ్ దానికీ తలాడించింది.

చివరికి నసమ్మ వంతు. ప్రతిదానికీ ప్రశ్నలేసి ప్రాణం తీస్తుందని ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది లీడరే. ఆమె లేచింది. ఆ పత్రిక సంచికలన్నీ తిరగేశానంది. లైబ్రేరియన్ అన్నని బతిమాలి ఆయనచేత కూడా వెతికించానంది. అయినా పరిశోధన దొరకలేదంది.

క్లాసు గొల్లుమంది.

“కాగితం వెతకడమే రాని మనిషి రేపు రోగమేం వెతుకుతుంది?” అన్నాడు లీడరు. “మేమంతా చదివాం మేడమ్. ఈ మహాతల్లి ఒక్కదానికే దొరకలేదంటే సాకు కాక ఏంటి? ఇలాంటివాళ్ళని పంపితే కాలేజీ పరువేం కాను?”

“నీకెక్కడ దొరికింది?”

“లైబ్రరీలోనే. కళ్ళుంటే కనిపిస్తుంది మేడమ్.”

మేడమ్ డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచేసింది. పెద్దాసుపత్రికి నసమ్మ వెళుతుందని చెప్పి, పుస్తకాలు సర్దుకుంది.

లీడరు మొహం కందగడ్డయింది. “చదవనిదానికి సీటిస్తారా? మరి మేం చదివింది ఏమైనట్టు?”

“ఆ పరిశోధన పేరు నేను ఊరికే కల్పించాను నాయనా.”