ధనమ్మ పాటలు

“మాస్టారూ, మీ వెబ్‌సైటులో ‘ధనమ్మ పాటలు’ లింకు పోయింది. ఆ పాటలు ఉంచిన కంపెనీయే మూతపడింది. దాని బదులు మా పాటల యాప్ లింకు పెట్టుకోండి,” నరసరావుపేట నుంచి ఫోన్లో అంది లిఖిత. ఇలా చచ్చిన లింకులు వెతికి, వాటి చోట తమ కంపెనీ లింకు పెట్టించడమే ఆమె ఉద్యోగం.

“పోవడమేందమ్మా? మా ఇంట్లో నెట్ సిగ్నల్ అందదు, అంతే,” అన్నాడు నూజెండ్లలో నాగభూషణరావు. “మా ఇంటిది ధనమ్మ పోయి మూడేళ్ళు. ఆమె గొంతు అందులోనే ఉంది. రెండు నెలల్నుంచి రోజూ డాబా ఎక్కి నొక్కతన్నా.”

లిఖిత ఆ లింకు మరోసారి నొక్కి చూసింది. పేజీ లేదు.

“నిజంగానే పోయిందా తల్లీ?”

“లేదు మాస్టారూ, నేనే పొరబడ్డాను. సిగ్నలే.”

“అదేగదా నేననేది!”

మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు ఆమెకు ఫోన్లో వినబడింది.