దయ్యానికి చెంపదెబ్బ

ఫెళ్లుమని చప్పుడైంది. దయ్యం "అమ్మో!" అని కేకేసి కూలబడింది.

మరుక్షణం ఎగ్జిబిషన్లోని దయ్యాల కొంపలో లైట్లన్నీ వెలిగాయి. స్పీకర్లోంచి వస్తున్న కీచుకేకలు ఆగిపోయాయి. వెలుగులో చూస్తే అదంతా నల్లరంగు పూసిన రేకుల షెడ్డు, అట్టముక్కల సమాధులు, దూదితో చేసిన సాలెగూళ్లు. మధ్యలో చెంప పట్టుకుని కూర్చున్న దయ్యం.

టికెట్లతను పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఇక్కడికొచ్చేది భయపడ్డానికే కదా! కనబడ్డ దయ్యాన్నల్లా కొట్టుకుంటూ పోతే మేం బతకాలా వద్దా?"

వెనకున్న జనం ఘొల్లున నవ్వారు. చెయ్యి చేసుకున్న పళ్ల డాక్టరమ్మకి తల తీసేసినట్టయింది. ఆ నవ్వినవాళ్లలో సగంమంది ఆవిడ కుర్చీలో నోరు తెరిచినవాళ్లే. చిన్నప్పుడు కరెంటు పోతే స్నేహితురాళ్లంతా ఒకే దుప్పట్లో దూరి దయ్యాల కథలు చెప్పుకునేవాళ్లు. ఒళ్లు జలదరిస్తుంటే ఒకళ్లనొకళ్లు గిల్లుకుని మరీ నవ్వుకునేవాళ్లు. ఆ సరదా ఏంటో కూతురికి చూపిద్దామని తీసుకొస్తే, చూపించింది ఇదీ!

"సారీ అండీ, చీకట్లో చెవి పక్కన దయ్యం అరుపు వినేసరికి చెయ్యి దానంతటదే లేచింది," అంటూ దయ్యాన్ని లేపబోయింది. విగ్గు జారిపోయింది. కింద బట్టతల, తెల్లపొడి పూసుకున్న ముసలి ముఖం.

"మాస్టారూ... మీరా?"

ఆయన గబుక్కున విగ్గుతో ముఖం కప్పుకున్నాడు. కప్పుకున్నా లాభం లేదని తెలిసి మెల్లగా దించాడు.

"నా దగ్గర చదువుకున్నావా అమ్మా?"

"అవునండీ. హైస్కూల్లో లెక్కలు మీరే చెప్పారు."

టికెట్లతను గొణుక్కుంటూ జనాన్ని బయటికి తోలుకెళ్లాడు. ఆవిడ చేతిరుమాలు తడిపి ఆయనకిచ్చింది. వేళ్ల అచ్చులు పొడి మీద స్పష్టంగా కనిపిస్తుంటే అటు చూడలేకపోయింది.

"ఈ వయసులో మీకిదేం ఖర్మ మాస్టారూ? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

"ఏ లోటూ లేదమ్మా. ఇంట్లోవాళ్లు వద్దని మొత్తుకుంటున్నారు కూడా." రుమాలు చెంపకి అదుముకున్నాడు. "బళ్లో నన్ను చూస్తే పిల్లలు హడలిపోయేవాళ్లు. అది గౌరవమనుకున్నాను. రిటైరయ్యాక తెలిసింది, ఎంతెంత పెద్దవాళ్లయినవాళ్లూ నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నారని. ఇక్కడా భయపెట్టే పనే. కానీ ఈ పిల్లలు కెవ్వుమని అరిచి, పడీపడీ నవ్వి, మళ్లీ నా దగ్గరికే వస్తారు. ఎందుకంటావు?"

కూతురే అందుకుంది.

"ఇది ఉత్తుత్తి భయం కదా తాతగారూ! వద్దనుకుంటే తలుపు తోసుకుని బయటికెళ్లిపోవచ్చు."

"అంతేనమ్మా. నా క్లాసులో తలుపు..." అని ఆగిపోయాడు. తర్వాత డాక్టరమ్మ వైపు బెరుగ్గా చూశాడు.

"నిన్ను నేనెప్పుడైనా కొట్టానా అమ్మా?"

ఆవిడ వేళ్లు ముడుచుకున్నాయి.

"అబ్బే, లేదు మాస్టారూ."

"నిజంగా?"

"నిజంగా. నేనే ఇవాళ తెలీక చెయ్యి చేసుకున్నాను. మీరని తెలిస్తే చచ్చినా కొట్టేదాన్ని కాదు."

ముసలాయన ముఖం తేటపడింది. పొడి రాలేలా నవ్వాడు.

"పోనీలేమ్మా. నువ్వు కొట్టింది దయ్యాన్నిగానీ నన్ను కాదుగా!"

కూతురు తల్లి చెయ్యి పట్టి లాగింది.

"అదేంటమ్మా, కొట్టేముందు 'ఈ గొంతు మా లెక్కల మాస్టారిదే' అన్నావుగా?"