గోడకు బిగిస్తారా?

గాజు పూలకుండీ భళ్ళున పగిలిన చప్పుడుకు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

ఆ ఫర్నిచర్ షాపులో నిటారుగా నిలబడేది మనుషులు మాత్రమే. కుర్చీలు వెనక్కి ఒరిగి ఉంటాయి. దీపాలు పక్కకి వంగి వెలుగుతాయి. పుస్తకాల అల్మరాలు ముందుకు తూలి, ఇప్పుడో ఇంకాసేపటికో పడతాయన్నట్టు ఉంటాయి.

అన్నిటికన్నా ఎత్తైన అల్మరా ముందు, దాని మీంచి జారిపడిన పూలకుండీ పెంకుల మధ్య, ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. కింది అర మీద ఒక కాలు మోపి, బరువంతా వేస్తున్నాడు.

"మళ్ళీ మీరేనా? కాలు తియ్యండి ముందు!"

"దీన్ని గోడకు బిగించి ఇస్తారా?"

"బిగించేస్తే ఇంకేం అందమండీ? వాలి ఉండడమే దీని సోకు."

అదే అల్మరా ఖాయం చేసుకుంటున్న భార్యాభర్తలు ఇటు తిరిగారు.

"ఇంట్లో పిల్లలున్నారా అమ్మా?" అడిగాడాయన.

"పాప ఉందండీ."

"అయితే బిగించకుండా పెట్టుకోవద్దు."

మేనేజరుకు ఒళ్ళు మండింది.

"ఎవరు పంపారయ్యా నిన్ను? ఎదురు షాపువాళ్ళా? వచ్చిన బేరాలన్నీ చెడగొడుతున్నావు!"

వాచ్‌మన్ రెక్క పట్టుకుని ఆయన్ని బయటికి నడిపించాడు.

"తిక్క మనిషి లెండి," అని దంపతులకు సర్దిచెప్పి, మేనేజరు వాచ్‌మన్ వైపు తిరిగాడు. "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కాడో, నీ ఉద్యోగం ఉండదు."

అల్మరా అమ్ముడుపోయింది.

కొన్ని వారాలకు ఆ ఇల్లాలు పాపను ఎత్తుకుని వచ్చింది.

"ఆరోజు మీరు గెంటేశారే, ఆయన ఎక్కడుంటారండీ?"

"మీ ఇంటికీ వచ్చి గొడవ చేశాడా?"

"గొడవా? మా కారు దగ్గర నిలబడి, నేనొచ్చి బిగిస్తాను, అడ్రసివ్వమ్మా అన్నాడు. మొహం చూసి కాదనలేకపోయాను. మర్నాడు డ్రిల్లు, స్క్రూలు అన్నీ తనే తెచ్చుకున్నాడు."

పాప తల్లి మెడలో మొహం దాచుకుంది.

"నిన్న నేను వంటింట్లో ఉంటే, ఇది దానిమీదికి ఎక్కేసింది. పై అర దాకా! అల్మరా ఇసుమంతైనా కదల్లేదు. ఆయనకు ఒక్కమాట చెబుదామని వచ్చాను."

మేనేజరు వాచ్‌మన్‌ను పిలిచాడు.

"మొన్న కూడా వచ్చాడు సార్. మీరు చెప్పారుగా, మెట్లెక్కనివ్వలేదు. సరే, ఇక రానులే అని వెళ్ళిపోయాడు."



"ఇంతకీ ఎవరండీ ఆయన? వడ్రంగా?" అడిగింది సేల్స్ అమ్మాయి.

"నేనూ అలాగే అనుకున్నాను. పనయ్యాక కాఫీ ఇచ్చి, మీకెంతమంది పిల్లలండీ అని అడిగాను."

ఆమె పాపను రెండో భుజానికి మార్చుకుంది.

"ఒక్కడే ఉండేవాడమ్మా, ఇలాంటి అల్మరానే ఎక్కాడు, అన్నాడు."